మంచి మార్కులు వేసి పంపేశారు

ఓడెల్ టిబ్స్‌కి కెమిస్ట్రీలో బి గ్రేడు వచ్చిందని తెలిసిన ఆదివారం మా ఇంట్లో చిన్న పండగే చేసుకున్నాం. ఆ బి గ్రేడే వాడి కొంప ముంచుతుందని అప్పటికి నాకూ నా భర్తకీ తెలియదు.

జూన్ నెల అది. కెల్డన్ ఊరంతా ఒకటే మాట. పెద్ద లీగ్ వాళ్లు మన యూనివర్సిటీని చేర్చుకుంటారా, లేదా? బ్యాంకులో, మంగలి షాపులో, చర్చి మెట్ల మీద అదే చర్చ. లీగ్‌లో చేరితే మా ఫుట్‌బాల్ జట్టు ఆట దేశమంతా టీవీలో చూస్తుంది. కానీ ఆ లీగ్‌లో ఉన్నవన్నీ చదువుకి పేరుమోసిన యూనివర్సిటీలు. కొత్తవాళ్లని తీసుకునే ముందు ఆటతో పాటు ఆటగాళ్ల చదువు కూడా చూస్తారు. ఎంతమంది పాసయ్యారు, ఎంతమంది మధ్యలో వెళ్లిపోయారు అని ఒక లెక్క కట్టి జట్టుకి ఒక అంకె ఇస్తారు. మా జట్టు అంకె వాళ్లడిగిన గీత మీద ఊగుతోంది. జులైలో లీగ్ కమిటీ వచ్చి చూసి వెళ్తుంది.

ఆ అంకె నిజమేనని యూనివర్సిటీ తరఫున సంతకం పెట్టాల్సింది నా భర్త ఐనార్. భూగర్భశాస్త్రం ప్రొఫెసర్. ఆటగాళ్ల చదువులో మోసం లేదని హామీ ఇచ్చే ప్రొఫెసర్ ఒకరు ప్రతి యూనివర్సిటీలోనూ ఉంటారు. కెల్డన్‌లో చాలా ఏళ్లుగా ఆ బాధ్యత ఐనార్‌దే. నేను ఊరి హైస్కూల్లో లెక్కలు చెప్తాను.

ఓడెల్ అర్కాన్సాస్ డెల్టా నుంచి వచ్చినవాడు. మా గుమ్మంలో నిలబడితే వెలుతురు ఆగిపోయేంత మనిషి. చేతుల్తో ఆడే మా అమెరికా ఫుట్‌బాల్‌లో ముందు వరసలో నిలబడి, బంతి విసిరేవాడి మీదికి ఎవరూ రాకుండా అడ్డుకోవడం వాడి పని. వసంతంలో సాధన చేస్తుండగా మోకాలు విరిగింది. ఇంకొక్క ఏడాది చదివితే డిగ్రీ చేతికొస్తుంది. సొంత ఊరి బడిలో సైన్సు టీచరు కావాలని కోరిక. ఐనార్ క్లాసులో చేరినప్పటి నుంచి ఆదివారం చర్చి అయ్యాక మా ఇంటికే భోజనానికి వచ్చేవాడు. ఐనార్‌ని డాక్ అనీ, నన్ను మిస్ మార్లిస్ అనీ పిలిచేవాడు.

"బి," అన్నాడు కుర్చీ లాక్కుంటూనే. "మిస్ మార్లిస్, కెమిస్ట్రీలో నాకు బి వచ్చింది. ఇంకో దుంప వెయ్యండి. బి వచ్చినవాడికి ఆకలెక్కువ."

"డి వచ్చినప్పుడు తక్కువ తిన్నావా?" అన్నాను.

"అప్పుడు దిగులుతో తిన్నాను. ఇది వేరు."

ఐనార్ నవ్వాడు. "పరీక్ష బాగా రాశావన్నమాట."

"ఎక్కడ డాక్. సగం ప్రశ్నలు నన్ను చూసి నవ్వాయి. సి వస్తే చాలనుకున్నా. మా అమ్మకి ఫోన్ చేస్తే ఎవరి పేపరు చూసి రాశావురా అంది." ఓడెల్ మాంసం ముక్క కోసుకుంటూ అన్నాడు. "కోచ్ మాత్రం పొద్దున్నే ఫోన్ చేసి మరీ చెప్పాడు. రేపు ఆఫీసుకి రమ్మన్నాడు."

"నువ్వు చూసుకోక ముందే కోచ్‌కి తెలుసా?"

"అవును డాక్. నాకు చెప్పిందే ఆయన."

రూబార్బ్ కాడలతో నేను చేసే తీపి పై అంటే ప్రాణం పెట్టే ఐనార్, ఆ రోజు సగం ముక్క పళ్లెంలోనే వదిలేశాడు.

మర్నాడు మధ్యాహ్నం నేను పెరట్లో బట్టలు తీస్తుంటే ఓడెల్ కుంటుకుంటూ వచ్చి వెనక మెట్ల మీద కూర్చున్నాడు.

"శభాష్ అన్నాడా కోచ్?"

"ఓక్లహోమాలో ఒక చిన్న కాలేజీ ఉందట, మిస్ మార్లిస్. నా మార్కులిప్పుడు బాగున్నాయి కాబట్టి కళ్లకద్దుకుని తీసుకుంటారట. ఇక్కడ నా స్కాలర్‌షిప్ ఈ ఏడాది పొడిగించడం లేదట."

బట్టల బుట్ట కింద పెట్టాను. "నువ్వేమన్నావు?"

"ఇంకొక్క ఏడాది కోచ్, డిగ్రీ అయిపోతుంది అన్నా. అక్కడికెళ్తే ఇక్కడ చదివిన క్లాసుల్లో సగం లెక్కలోకి రావు. మళ్లీ మొదలు. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, ఇక్కడి చలి నీ మోకాలికి పడదు ఓడెల్ అన్నాడు."

"జూన్‌లోనా?"

"నేనూ అదే అన్నా. నవ్వలేదు."

ఆ సాయంత్రం ఐనార్ ఆలస్యంగా వచ్చాడు. టోపీ తీయకుండానే వంటింట్లో కూర్చున్నాడు. కెమిస్ట్రీ చెప్పే నదీన్ ఖూరీ దగ్గరికి వెళ్లొచ్చానన్నాడు.

"ఆవిడ వేసింది సి."

"అయ్యో. అయితే పాసవడానికి మార్కు పెంచారా?"

"అది కాదు మార్లిస్. సి అంటే పాసే. వాడు సొంతంగా పాసయ్యాడు. సి తో ఇక్కడ నిక్షేపంగా ఉండొచ్చు. వాణ్ని బయటికి పంపడానికే బి కావాలి."

నాకు అర్థం కాలేదు. ఐనార్ ఉప్పు డబ్బా ఒక పక్కకి, మిరియాల డబ్బా ఒక పక్కకి జరిపి చెప్పాడు. మార్కులు తక్కువున్న ఆటగాడు వెళ్లిపోతే ఆ నష్టం జట్టు అంకెలో పడుతుంది. సగటు బాగుండి వెళ్లిపోతే పడదు, వేరే కాలేజీకి మారాడని లెక్క. ఓడెల్ మోకాలు పోయింది. వాడి స్కాలర్‌షిప్ కోచ్‌కి కొత్త కుర్రాడి కోసం కావాలి. ఇప్పుడున్న సగటుతో తరిమేస్తే అంకె గీత కిందికి జారుతుంది, లీగ్ చేజారుతుంది. సగటు కొంచెం లేపితే ఏ మచ్చా పడదు.

"అంటే వెళ్లగొట్టడానికి మార్కులు వేశారా?"

"అవును."

"దిద్దిందెవరు?"

"నదీన్‌కి తెలుసు. చెప్పదు. తలుపు వేసి మరీ మాట్లాడింది. ఆవిడ ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు." ఐనార్ అప్పుడు టోపీ తీశాడు. "ఆ అంకె కింద నేను సంతకం పెట్టను."

అతను గొంతు పెంచి అనలేదు. ఐనార్ గొంతు పెంచని మాటలే గట్టివని నాకు తెలుసు.

ఆ వారంలోనే రాండ్ ప్రూయిట్ మా ఇంటికి వచ్చాడు. యూనివర్సిటీ క్రీడల విభాగానికి డైరెక్టర్. మొక్కజొన్న కంకుల సంచి తెచ్చి నా చేతిలో పెట్టి, వరండాలో ఊయల బల్ల మీద ఇంటి మనిషిలా కూర్చున్నాడు. నిజానికి ఇంటి మనిషే. రెండు మూడుసార్లు మా ఆదివారం బల్ల దగ్గర ఓడెల్ పక్కనే కూర్చుని తిన్నాడు.

"నీ సంతకం ఇంకా రాలేదట ఐనార్."

"రాదు."

"పెద్ద మాట."

"సి ని బి చేశారు రాండ్. అది ఇంకా పెద్ద మాట."

ప్రూయిట్ ఊయల ఆపాడు. "పొరపాటున దిద్ది ఉంటారు. వేసవిలో ఆఫీసు నిండా కొత్తవాళ్లు. సరే, అది పక్కన పెట్టు. నేనొకటి అడుగుతా. ఆటగాడికి యూనివర్సిటీ ఇచ్చేది కాకుండా బయటివాళ్లు ఏమన్నా ఇవ్వొచ్చా?"

"ఇవ్వకూడదు."

"ప్రొఫెసర్ ఇంట్లో భోజనం?"

ఆ నిబంధన ఐనార్‌కి తెలియనిది కాదు. పండక్కో పుట్టినరోజుకో ఒకసారి పిలిచి పెడితే తప్పు లేదు. వారం వారం పెడితే చొక్కాలు, కార్లు ఇవ్వడంతో సమానం. అందరికీ తెలిసిన నిబంధన, ఎవరూ పట్టించుకోని నిబంధన.

"మార్లిస్ వంట గురించి ఊరంతా చెప్పుకుంటారు," అన్నాడు ప్రూయిట్. "ఎవర్ని అడిగినా ఓడెల్ ఆదివారం ఎక్కడ తింటాడో చెప్తారు. ఇది బయటికొస్తే వాణ్ని జట్టులోంచి తీసెయ్యాలి. స్కాలర్‌షిప్ పోతుంది. పేపర్లో పేరొస్తుంది. అప్పుడు ఓక్లహోమా కూడా ఉండదు."

"నువ్వూ తిన్నావు కదా రాండ్," అన్నాను.

"నేను ఆటగాణ్ని కాదుగా మార్లిస్."

ఐనార్ లేచి లోపలికి వెళ్లిపోయాడు. ప్రూయిట్ కారు దాకా నేను వెళ్లాను. సాగనంపడానికి కాదు.

"ఐనార్ సంతకం పెడితే ఓడెల్ సంగతేంటి?" అని అడిగాను.

అతను కారు తలుపు మీద చెయ్యి వేసి నన్ను పరీక్షగా చూశాడు. "నువ్వు లెక్కలు చెప్తావు కదూ? మర్చిపోయా."

"అడిగినదానికి చెప్పు."

"ఒక్క ఏడాది ఉంటాడు. ఆట లేదు. మామూలు విద్యార్థిలాగే. ఖర్చు నేను వేరే చోటు నుంచి సర్దుతా. డిగ్రీ తీసుకుని వెళ్తాడు."

"నీ మాట ఎలా నమ్మను?"

"నమ్మక ఏం చేస్తావు?" అన్నాడు. వెటకారంగా అనలేదు, సానుభూతిగానే అన్నాడు.

రెండు రోజులు ఐనార్‌తో వాదించాను. గ్యారేజీలో రాళ్ల పెట్టెల మధ్య కూర్చుని నా మొహం చూడకుండా వినేవాడు.

"నా పేరు కింద అబద్ధం రాయమంటున్నావు."

"వాడికి డిగ్రీ ఇప్పించమంటున్నాను. నీ పేరు మీది మచ్చ కడిగితే పోతుంది. వాడి ఏడాది పోతే రాదు."

"ఇవాళ వీడు, రేపు ఇంకొకడు."

"రేపటివాడి సంగతి రేపు. మన బల్ల దగ్గర తిన్నవాడు వీడు."

సంతకం పెట్టాడు. ఎప్పుడు పెట్టాడో చెప్పలేదు. ఒకరోజు పొద్దున నేను ప్రూయిట్‌కి ఫోన్ చేస్తే, "అందింది, థాంక్యూ మార్లిస్" అన్నాడు. ఓడెల్‌ని పిలిచి ఇక్కడే ఉండిపొమ్మని చెప్పారు. ఆ భారీ మనిషి కుంటుతూనే మా వంటింట్లో నన్ను ఎత్తి గిర్రున తిప్పాడు. ఎందుకు ఉండనిచ్చారో నేను చెప్పలేదు, వాడు అడగలేదు.

లీగ్ కమిటీ వచ్చిన రోజు ఎండ మండిపోయింది. ప్రెసిడెంటు గారి బంగళా వెనక పచ్చిక మీద తెల్ల డేరా వేసి విందు పెట్టారు. వచ్చినవాళ్లంతా పెద్ద పెద్ద యూనివర్సిటీల ప్రెసిడెంట్లు. ఆ కమిటీకి అధ్యక్షురాలు డాక్టర్ హెస్టర్ లోమాక్స్. చరిత్రకారిణి. తెల్లటి జుట్టు, సన్నటి గొంతు. మమ్మల్ని ఆవిడ బల్ల దగ్గరే కూర్చోబెట్టారు, అది ఆనవాయితీ. సంతకం పెట్టిన ప్రొఫెసర్‌ని అందరి ముందూ ఒక మాట అడగడం కూడా ఆనవాయితీనే. చర్చి పెళ్లిలో ఎవరికైనా అభ్యంతరమా అని అడిగినట్టు. ఎవరూ జవాబు కోసం అడగరు.

ఆవిడ ఐనార్‌తో మా ఊరి సున్నపురాయి గురించి, నదుల గురించి చాలాసేపు మాట్లాడింది. నిజంగానే తెలిసి మాట్లాడింది. ఐనార్ మొహంలో చాలా రోజుల తర్వాత వెలుగు చూశాను. ఐస్ టీ మళ్లీ నింపుతున్నారు. ప్రూయిట్ పక్క బల్ల దగ్గర ఏదో జోకు చెప్తున్నాడు.

"అయితే ప్రొఫెసర్, ఆ అంకె మీద మీకు నమ్మకముంది కదా?" అంది డాక్టర్ లోమాక్స్, నిమ్మకాయ ముక్క గ్లాసులో పిండుకుంటూ.

ఐనార్ ఆవిడ వైపు చూశాడు.

"లేదు," అన్నాడు.

డాక్టర్ లోమాక్స్ నిమ్మకాయ ముక్క సాసర్ అంచున పెట్టింది. వేళ్లు తుడుచుకుంది. మా ప్రెసిడెంటు గారి వైపు ఒక్కసారి చూసి, నా వైపు తిరిగింది.

"ఇక్కడ టమాటాలు ఎప్పుడు పండుతాయండీ?" అని అడిగింది.

"ఆగస్టులో," అన్నాను. నోరు దానంతట అదే చెప్పింది.

ఇంటికి నడిచి వస్తూ, మా వీధి మలుపు దగ్గర ఆగాను.

"ఎందుకు చెప్పావు?"

"ఆవిడ అడిగింది."

"నేనూ అడిగాను కదా ఐనార్. నేను అడిగినప్పుడు సంతకం పెట్టావు."

"ఆవిడకి అర్థమవుతుందనుకున్నాను," అన్నాడు. "చదువుకున్న మనిషి."

"నాకేం అర్థం కాలేదని?"

అతను ముందుకి నడిచాడు.

రాత్రి భోజనాల వేళకి ప్రూయిట్ ఫోన్ చేశాడు. కోపంగా ఉంటాడనుకున్నాను. తేలిగ్గా ఉన్నాడు, ఏదో గండం గడిచినట్టు.

"రేపు పేపర్లో వస్తుంది, ముందుగా మీకు చెప్దామని. మా విభాగంలో జరిగిన తప్పు ఒకటి మాకు మేమే కనిపెట్టి లీగ్‌కి చెప్పుకున్నాం."

"మార్కు సంగతా?"

"మార్కేంటి? మీ ఇంటి భోజనాలు. ఓడెల్ మీద నిషేధం పడుతుంది. డాక్టర్ లోమాక్స్ చాలా సాయం చేసింది మార్లిస్. ఏ మచ్చా లేని సంస్థని ఎవరూ నమ్మరట. చిన్న తప్పు తనంతట తాను ఒప్పుకుని చర్య తీసుకున్న సంస్థ అంటే వాళ్ల కమిటీకి నమ్మకం ఎక్కువట. చిన్నది ఏదన్నా ఉందా అని అడిగింది."

"ఓడెల్ ఇక్కడే ఉంటాడన్నావు."

"చిన్నది కావాలంది," అన్నాడు ప్రూయిట్. "అంతకన్నా చిన్నది నా దగ్గర లేదు. ఓక్లహోమా వాళ్లతో నేను మాట్లాడా, బి ఉంది కాబట్టి ఇప్పటికీ తీసుకుంటారు. అది నేను చెయ్యగలిగింది." ఫోన్ పెట్టేశాడు.

ఐనార్‌ని ఆ పదవిలోంచి మర్యాదగా తప్పించారు. ఎవరూ నిందించలేదు. వాణిజ్యశాస్త్రం ప్రొఫెసర్ ఒకాయన ఆ కుర్చీలో కూర్చుని అదే అంకె కింద సంతకం పెట్టాడు.

ఓడెల్ తన సామాను పాత ట్రక్కులో పడేసుకుని వెళ్లే ముందు మా ఇంటి ముందు ఆగాడు. లోపలికి రమ్మన్నాను. రాలేదు.

"మీ ఇంట్లోకి వస్తే మళ్లీ ఎవరికన్నా ఏదో ఒకటి పోతుందేమో," అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వులో నాకు చోటు లేదు. అప్పటికే వాడికి అంతా తెలుసు. నదీన్ ఖూరీ తనే వెళ్లి చెప్పింది.

ఐనార్ మెట్లు దిగి వచ్చాడు. ఏదో చెప్పబోయాడు. ఓడెల్ చెయ్యెత్తి ఆపాడు.

"ఒక్కటి చెప్పండి డాక్. ఆ సి నాదేనా? ఎవరూ కలిపింది కాదుగా?"

"పూర్తిగా నీదే."

"అయితే దాన్ని తిరిగి వేయించండి."

"ఓడెల్, సి పడితే నీ సగటు పడిపోతుంది. ఓక్లహోమా వాళ్లు తీసుకోరు."

"తెలుసు."

"ఇంకో దారి లేదు నీకు."

"నిజం చెప్పడం మొదలెట్టింది మీరే డాక్," అన్నాడు ఓడెల్. "సగం చెప్పి వదిలేస్తే ఎలా? మా అమ్మ నన్ను అడిగింది, ఎవరి పేపరు చూసి రాశావురా అని. ఆవిడకి చూపించడానికి నాకు నా మార్కు కావాలి."

ట్రక్కు ఎక్కడానికి ముందుగా మంచి కాలు లోపల పెట్టి, విరిగిన మోకాలిని రెండు చేతులతో ఎత్తి లోపలికి లాక్కున్నాడు. ఐనార్ సాయం చెయ్యబోయి ఆగిపోయాడు.

వారాల తరబడి తిరగాల్సి వస్తుందనుకుని ఐనార్ ఆ రోజే ఆఫీసుకి వెళ్లాడు. గంటలో పని అయిపోయింది. వాళ్లు సంతోషంగా దిద్దారు. దొర్లిన పొరపాటును వెంటనే సరిచేశామని లీగ్‌కి పంపే నివేదికలో ఇంకో మంచి వాక్యం చేరింది. నిషేధం పడి వెళ్లిపోయినవాడి మార్కు జట్టు అంకెలో ఎలాగూ కలవదట, కొత్త ప్రొఫెసర్ అలా తేల్చాడు.

ఆగస్టు మూడో వారంలో ప్రకటన వచ్చింది. క్యాంపస్ గంటలు మోగాయి. కార్ల హారన్లు, వీధుల్లో జెండాలు. రేడియోలో డాక్టర్ లోమాక్స్ సన్నటి గొంతుతో కెల్డన్ నిజాయితీని మెచ్చుకుంది. మా పక్కింటి వాల్ట్ కంచె మీంచి చెయ్యి చాపి ఐనార్ చెయ్యి పట్టుకుని ఊపాడు.

"నువ్వు నిక్కచ్చిగా ఉండబట్టే ఐనార్. అందరూ అంటున్నారు."

"థాంక్స్," అన్నాడు ఐనార్.

అతను గ్యారేజీలోకి వెళ్లి తలుపు దించుకున్నాడు. అప్పటికే మేం వేర్వేరు వేళల్లో తినడం మొదలుపెట్టాం. ఒకరి మీద ఒకరికి కోపమని కాదు. ఎదురెదురుగా కూర్చుంటే మధ్యలో ఉన్న కుర్చీ కేసి చూడకుండా ఉండటం ఇద్దరికీ చేతకాలేదు.

నేను ఓడెల్ ఇచ్చిన నంబరుకి ఫోన్ చేశాను. వాళ్ల ఊళ్లో చేపలు కోసి డబ్బాల్లో పెట్టే ఫ్యాక్టరీ. వాళ్లమ్మ పనిచేసే వరసలోనే పెట్టారట. ఎవరో కేకేసి పిలిచారు. యంత్రాల రొద, నీళ్ల చప్పుడు. చాలాసేపటికి వాడి గొంతు వినిపించింది.

"మిస్ మార్లిస్? ఇక్కడ రేడియో రాదు. ఇవాళేగా చెప్తామన్నారు?"

"ఇవాళే."

"ఏమైంది మరి? మనల్ని తీసుకున్నారా?"

"తీసుకున్నారు," అన్నాను.

"మంచిది," అన్నాడు ఓడెల్. వెనకాల బెల్లు మోగింది. "ఉంటాను మిస్ మార్లిస్. వరస కదులుతోంది."